గుర్రాల ఆసుపత్రిలో పరిశీలనకు వెళ్తున్నారా? ఏం చూడాలి, ఎలా చూడాలి

పశువైద్యం చదవాలనుకునేవారికి, ఇప్పటికే చదువుతున్నవారికి గుర్రాల ఆసుపత్రిలో కొన్నాళ్లు పక్కన నిలబడి చూసే అవకాశం వస్తే వదులుకోకూడదు. అయితే చాలామంది రోజంతా అక్కడే ఉండి కూడా ‘ఒక ఆపరేషన్ చూశాను, రెండు ఇంజెక్షన్లు చూశాను’ అని చెప్పగలగడం తప్ప ఇంకేమీ నేర్చుకోకుండా బయటికి వస్తారు. చేతులకు పని లేని చోట కళ్లకు, చెవులకు, ముక్కుకు రెట్టింపు పని పెట్టాలి. నేను విద్యార్థిగా అలాంటి చోట గడిపిన రోజుల్లో నాకు బలంగా నాటుకున్న విషయం ఒకటుంది. జబ్బు గుర్రాన్ని గుర్తుపట్టాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న గుర్రం మన కళ్లకు అలవాటు కావాలి. కింద చెప్పే పద్ధతి అంతా దానిమీదే ఆధారపడి ఉంది.

వెళ్లే ముందు

ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో ముందే చూసుకోండి. ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా గుర్రాల లద్దిలోనూ, అవి తిరిగే మట్టిలోనూ ఉంటుంది. లోపలికి దిగిన చిన్న మేకు గాయం చాలు. కాలివేళ్లను పూర్తిగా కప్పే గట్టి బూట్లు వేసుకోండి. గుర్రం కావాలని ఎవరి పాదమూ తొక్కదు, కానీ ఐదువందల కిలోల జంతువు పక్కకు జరిగేటప్పుడు కింద ఎవరి కాలు ఉందో చూసుకోదు. వేలాడే చున్నీలు, గాజులు, ఉంగరాలు ఇంట్లోనే వదిలేయండి. జుట్టు ముడి వేసుకోండి. జేబులో పట్టే నోటుపుస్తకం, సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం వెంట ఉండాలి. గడియారం బదులు ఫోను చాలదా అనిపించవచ్చు. కానీ నాడి లెక్కపెట్టేటప్పుడు ఒక చెయ్యి గుర్రం మీదే ఉంటుంది, ఫోను పట్టుకుంటే రెండో చెయ్యీ పోతుంది.

గుర్రం దగ్గర నిలబడే తీరు

ఇది రాకుండా మిగతాది ఏదీ మొదలుపెట్టకండి. గుర్రం కళ్లు తలకు పక్కలకు ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు. అయినా దానికి కనిపించని చోట్లు రెండున్నాయి: సరిగ్గా తోక వెనక, సరిగ్గా నుదుటి ముందు. ఆ రెండు వైపుల నుంచీ హఠాత్తుగా వెళ్లకూడదు. భుజం వైపు నుంచి, కొంచెం ఏటవాలుగా, మెల్లగా మాట్లాడుతూ వెళ్లండి. మొదట చెయ్యి వేయాల్సింది మెడ మీద, లేదా భుజం మీద. ముఖం మీద కాదు.

గుర్రాన్ని పట్టుకున్న మనిషి, పరీక్ష చేస్తున్న డాక్టరు ఎప్పుడూ ఒకే వైపు నిలబడటం గమనించండి. గుర్రం బెదిరితే పట్టుకున్నవారు తలను తమ వైపు లాగుతారు. తల ఇటు వస్తే వెనక భాగం అటు పోతుంది, డాక్టరు తన్నులకు దూరమవుతారు. డాక్టరు అవతలి వైపుకు మారితే పట్టుకున్నవారూ మారతారు. మీరు నిలబడాల్సింది కూడా వాళ్లున్న వైపే, వెనక కాళ్లకు బాగా ఎడంగా. గోడకు, గుర్రానికి మధ్య ఇరుక్కోవద్దు. తలుపు దారి మీ వెనక ఖాళీగా ఉండాలి. కింద ఏదైనా చూడాల్సి వస్తే వంగండి, మోకాళ్ల మీద కూర్చోకండి. తాడు పట్టుకోమని ఇస్తే దాన్ని చేతికి చుట్టుకోవద్దు, మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకోండి.

మత్తు ఇచ్చిన గుర్రం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తల వాలిపోయి, కింది పెదవి వేలాడుతూ, కాళ్లు ఎడంగా పెట్టుకుని ఊగుతూ ఉంటుంది. చూస్తే నిద్రపోతున్నట్టే ఉంటుంది. కానీ అదే గుర్రం ఒక్క క్షణంలో, గురి తప్పకుండా తన్నగలదు. మత్తు ప్రమాదాన్ని తగ్గిస్తుంది తప్ప హామీ ఇవ్వదు.

ముట్టుకోకముందే చూడండి

ప్రతి ఉదయం గుర్రం గది తలుపు దగ్గర కాసేపు నిలబడి ఏమీ చేయకుండా చూడండి. గుర్రం మీ ఉనికిని గమనించి, తర్వాత పట్టించుకోవడం మానేసి తన పని తాను చేసుకునేదాకా ఆగండి. అప్పుడు కనిపించేదే అసలు గుర్రం. వేటాడే జంతువులకు భయపడుతూ బతికిన జాతి కాబట్టి, కొత్తవాళ్ల ముందు నొప్పిని దాచుకోవడం దాని స్వభావం.

ముందు గదిని చూడండి. నిన్నటి మేత మిగిలిందా? నీళ్ల తొట్టి ఎంత తగ్గింది? లద్ది ఎన్ని చోట్ల ఉంది? ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్ది వేస్తుంది. అది తేమగా, ఉండలుగా ఉండి నేలమీద పడగానే కొద్దిగా పగలాలి. గట్టిగా, చిన్నగా, జిగురు పట్టినట్టు ఉంటే పేగుల్లో కదలిక మందగించిందని అనుమానించాలి. కింద పరిచిన గడ్డి గోడల వైపు చెదిరిపోయి మధ్యలో నేల బయటపడితే రాత్రి అది దొర్లిందేమో, లేక గుండ్రంగా తిరుగుతూనే ఉందేమో అడగండి. కంటి పైన, తుంటి ఎముక మీద కొత్తగా చర్మం లేచిన గాయాలుంటే ఆ అనుమానం బలపడుతుంది.

తర్వాత నిలబడిన తీరు. ఒక వెనక కాలికి విశ్రాంతి ఇచ్చి మూడు కాళ్ల మీద నిలబడటం మామూలే, కాసేపటికి కాలు మారుస్తుంది. ముందు కాలును మాత్రం ముందుకు చాపి, దానిమీద బరువు వేయకుండా నిలబడితే మామూలు కాదు. ఈ ఒక్క తేడా పట్టుకోగలిగితే మీ చూపు పదునెక్కుతోందన్నమాట. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కానీ గాఢనిద్రకు పడుకోవాల్సిందే. కాబట్టి పడుకున్నంత మాత్రాన జబ్బు అనుకోకండి.

చివరగా ముఖం. గుర్రం ముఖంలో నొప్పిని కొలవడానికి 2014లో ఒక పద్ధతిని ప్రచురించారు. అందులో ఆరు గుర్తులు చూస్తారు: వెనక్కి బిగుసుకున్న చెవులు, సగం మూసుకున్న కన్ను, కంటి పైన తేలిన ఎముక అంచు, బిగిసిన దవడ కండరాలు, బిగబట్టిన నోరూ గడ్డమూ, వెడల్పయి గట్టిపడిన ముక్కుపుటాలు. ఆపరేషన్ అయిన గుర్రాన్ని నొప్పి మందుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఈ ఆరు గుర్తులతో చూడండి. కంటి చుట్టూ ఉన్న ముడత సడలడం మీకు స్పష్టంగా కనిపిస్తుంది.

లెక్కలు నోటికి రావాలి

విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. శ్వాస 8 నుంచి 16 సార్లు. శరీర ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. ఈ మూడూ ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పగలగాలి.

అనుమతి దొరికితే నాడి పట్టడం నేర్చుకోండి. దవడ ఎముక కింది అంచు వెంట వేళ్లు పోనిస్తే, బుగ్గ కండరం మొదలయ్యే చోటికి కొంచెం ముందు, ఎముక లోపలి వైపు తీగలాంటిది వేలికి తగిలి జారుతుంది. దాన్ని ఎముకకు అదిమి మెత్తగా పట్టుకోండి. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోయి ఏమీ తెలియదు. దెబ్బకు దెబ్బకు మధ్య చాలా సమయం ఉంటుంది. మనిషి నాడికి అలవాటుపడిన వేలికి అది ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఓపిగ్గా అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి.

చిగుళ్లు లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. ఇటుక రంగు, ఊదా రంగు, పళ్ల అంచు వెంట ముదురు గీత కనిపిస్తే రక్తంలో విషపదార్థాలు చేరుతున్నట్టు డాక్టర్లు భావిస్తారు.

ఇక పొట్ట. స్టెతస్కోపును ఎడమ డొక్కలో పైన, కింద, కుడి డొక్కలో పైన, కింద, అంటే నాలుగు చోట్ల పెట్టి ఒక్కో చోట కనీసం ఒక నిమిషం వినాలి. కుడి పైభాగంలో ఉండేది సీకం అనే పెద్ద సంచి. అక్కడ కొద్దిసేపటికోసారి దూరాన ఉరిమినట్టు పొడవైన చప్పుడు వస్తుంది. కొత్తగా చూసేవాళ్లు చప్పుళ్లు వింటే కంగారుపడతారు. నిజానికి కంగారుపడాల్సింది నిశ్శబ్దానికి. ఆరోగ్యంగా ఉన్న గుర్రాల పొట్టలు వీలైనన్ని వినండి, ఎందుకంటే ‘తగ్గింది’ అనాలంటే మామూలుగా ఎంత ఉంటుందో చెవికి తెలిసి ఉండాలి.

కోలిక్ (కడుపునొప్పి) కేసు వచ్చినప్పుడు

గుర్రాల ఆసుపత్రిలో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇదే. కాబట్టి కడుపునొప్పి గుర్రం వస్తోందని తెలియగానే మిగతా పనులు పక్కన పెట్టి అక్కడికి వెళ్లండి.

ముందు కారణం అర్థం చేసుకోండి. అంత పెద్ద జంతువుకు ఉన్న జీర్ణాశయం సుమారు 8 నుంచి 15 లీటర్లే. జీర్ణాశయం పైద్వారం వద్ద కండరం ఎంత బిగువుగా ఉంటుందంటే గుర్రం వాంతి చేసుకోలేదు. కింద పేగు మూసుకుపోతే ద్రవం వెనక్కి వచ్చి జీర్ణాశయంలో నిండుతుంది, బయటికి దారి లేదు, చివరకు అది పగిలిపోవచ్చు. ఇక పెద్దపేగు నాలుగు వరుసలుగా మడతపడి ఉంటుంది. అందులో ఎడమవైపు భాగం పొట్ట గోడకు అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి గ్యాసు పట్టినప్పుడు చోటు తప్పగలదు, మెలిపడగలదు. కటి దగ్గర అది ఒక్కసారిగా ఇరుకై మలుపు తిరుగుతుంది. నీళ్లు సరిగా తాగని గుర్రానికి మేత గట్టిపడి అడ్డం పడేది తరచుగా అక్కడే.

లక్షణాలను రాసుకోండి: నేలను కాలితో గీరడం, తిరిగి డొక్క వైపు చూసుకోవడం, పై పెదవి ముడవడం, చెమట, పదే పదే పడుకుని లేవడం, దొర్లడం. తర్వాత డాక్టరు ఏ క్రమంలో పనిచేస్తున్నారో చూడండి. గుండె వేగం, చిగుళ్లు చూస్తారు. వెంటనే ముక్కులోంచి గొట్టం వేస్తారు. జీర్ణాశయం పగలకుండా కాపాడేది అదే కాబట్టి నొప్పి ఎక్కువగా ఉన్న గుర్రానికి దాన్ని ఆలస్యం చేయరు.

గొట్టం వేసేటప్పుడు మీ చూపు మెడ ఎడమ పక్కన ఉండాలి. గుర్రం గుటక వేసిన క్షణాన గొట్టాన్ని ముందుకు నెడతారు. అది అన్నవాహికలోకి దిగితే మెడ ఎడమవైపు చర్మం కింద ఏదో కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది. కనిపించకపోతే శ్వాసనాళంలోకి వెళ్లిందేమోనని డాక్టరు మళ్లీ పరీక్షిస్తారు, నిర్ధారణ అయ్యేదాకా చుక్క నీరు కూడా పోయరు. ఒక్కోసారి ముక్కులోంచి రక్తం ధారగా కారుతుంది. లోపలి మెత్తటి పొరలకు గొట్టం తగిలితే అలా అవుతుంది, చూడటానికి భయంగా ఉన్నా చాలావరకు దానంతటదే ఆగుతుంది. గొట్టంలోంచి ఎంత ద్రవం తిరిగి వచ్చిందో కొలుస్తారు. రెండు లీటర్లు దాటితే చిన్నపేగు వైపు అనుమానం మళ్లుతుంది.

ఆ తర్వాత మలద్వారం ద్వారా పరీక్ష. గుర్రాన్ని ఇనుప గొట్టాల చట్రంలో నిలబెట్టి, అవసరమైతే మత్తు ఇచ్చి, పొడవాటి చేతి తొడుగుతో, ధారాళంగా జెల్ రాసుకుని చేస్తారు. పేగు చిరిగితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది కాబట్టి విద్యార్థిగా ఇది చూడాల్సిందే, అడిగి చేయాల్సింది కాదు. డాక్టరు కళ్లు ఎటో చూస్తూ చేతితో వెతుకుతుంటారు. ఆ సమయంలో మాట్లాడించకండి. పూర్తయ్యాక, చేతికి ఏం తగిలిందో బొమ్మ వేసి చూపించమని అడగండి.

అల్ట్రాసౌండ్ చూస్తారు, సన్నటి సూదితో పొట్ట కింది భాగం నుంచి ద్రవం తీస్తారు. అది లేత పసుపు రంగులో తేటగా ఉంటే ఊరట. ఎర్రగా, మురికిగా వస్తే పేగులో ఏదో భాగానికి రక్తం అందడం లేదన్న భయం. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పదు. నొప్పి మందు వేసినా నొప్పి తగ్గకపోవడం, గుండె వేగం 60 దాటి ఇంకా పెరుగుతుండటం, పొట్టలో నిశ్శబ్దం, ద్రవం రంగు మారడం, ఇవన్నీ ఒక వైపు మొగ్గితే ఆపరేషన్ మాట వస్తుంది. యజమానితో డాక్టరు ఆ మాట చెప్పే తీరును తప్పక వినండి: ఖర్చు, బతికే అవకాశం, చేయకపోతే ఏమవుతుందన్నది, అన్నీ కొద్ది నిమిషాల్లో, అబద్ధపు ఆశ పెట్టకుండా చెప్పాలి. నా దృష్టిలో ఆ రోజంతటిలో కష్టమైన పని అదే, పాఠ్యపుస్తకం నేర్పలేనిదీ అదే.

ఆపరేషన్ చూస్తే చివరిదాకా ఉండండి. కుట్లు పూర్తవగానే చాలామంది వెళ్లిపోతారు. గుర్రాలకు అసలు గండం ఆ తర్వాతే మొదలవుతుంది. కోలిక్ కాని మామూలు ఆపరేషన్లలో కూడా పూర్తి మత్తు కారణంగా సుమారు నూటికి ఒక గుర్రం చనిపోతుంది. అంత బరువు ఒకే వైపు ఆని ఉండటంతో కండరాలు దెబ్బతింటాయి. తెలివి రాగానే పారిపోవాలన్న స్వభావంతో, కాళ్లలో పట్టు రాకముందే లేవబోతుంది, పడి ఎముక విరగ్గొట్టుకోవచ్చు. అందుకే గోడలకు, నేలకు మెత్తలు వేసిన గదిలో, చాలాచోట్ల తలకు, తోకకు కట్టిన తాళ్ల సాయంతో లేపుతారు. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు, లైట్లు తగ్గిస్తారు. మీరు కూడా కిటికీలోంచో కెమెరాలోనో చూడాలి తప్ప లోపలికి వెళ్లకూడదు.

కాళ్లు, గిట్టలు

లాడం వేసే మనిషి వచ్చే రోజు ఏదో తెలుసుకుని, ఆ రోజు తప్పకుండా ఉండండి. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు లోపు పెరుగుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కాలి. కాలు ఎత్తించేటప్పుడు భుజం నుంచి చేతిని కిందికి జారుస్తూ తీసుకురావడం, మడమ వైపు నుంచి కొన వైపుకు గీకి శుభ్రం చేయడం చూడండి. అడుగున ఫ్రాగ్ అని పిలిచే ముక్కోణపు మెత్తటి భాగం పక్క గాడుల్లో నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే తడి నేలలో నిలబడటం వల్ల వచ్చిన కుళ్లు కావచ్చు. ఈ వాసన ఒకసారి పట్టుకుంటే మళ్లీ మరిచిపోరు.

మడమకు పైన, పక్కల వెంట నడిచే నాడిని వేలితో పట్టి చూపించమనండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో అది అందీ అందనట్టు ఉంటుంది. ఎగసి కొట్టుకుంటూ, గిట్ట వేడిగా ఉంటే గిట్ట లోపల వాపు ఉన్నట్టే. గిట్ట లోపలి పొరలు వాచే లామినైటిస్ వచ్చిన గుర్రం ముందు కాళ్లను ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీదికి తోసి నిలబడుతుంది. మలుపు తిరగమంటే అడుగు వేయడానికి వెనకాడుతుంది.

కుంటే గుర్రాన్ని పరీక్షించేటప్పుడు గట్టి నేల మీద తిన్నగా దుడికి నడకలో (నెమ్మది పరుగులో) తీసుకెళ్తారు. తలను చూడండి: నొప్పి ఉన్న ముందు కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. తర్వాత కళ్లు మూసుకుని గిట్టల చప్పుడు వినండి. కొన్నిసార్లు కంటికంటే ముందు చెవి పట్టేస్తుంది. నొప్పి ఎక్కడో తేల్చడానికి కింద నుంచి పైకి ఒక్కో నరం దగ్గర మొద్దుబారే మందు వేస్తూ, ఎక్కడ కుంటు తగ్గిందో చూస్తారు. ఇది గంటల పని. ఓపిక పట్టండి.

పళ్లు, పిల్లలు

పళ్ల పరీక్ష రోజు చేత్తో లోపల తడమాలని తొందరపడకండి, నోరు తెరిచి ఉంచే పరికరం బిగించాక కూడా తల విసిరితే ఆ ఇనుమే దెబ్బ తీస్తుంది. పై దవడ కింది దవడ కంటే వెడల్పు కాబట్టి పై పళ్లకు బుగ్గ వైపు, కింది పళ్లకు నాలుక వైపు పదునైన అంచులు ఏర్పడతాయని గుర్తుంచుకుంటే చాలు, డాక్టరు ఆకురాయితో ఎక్కడెక్కడ రుద్దుతున్నారో అర్థమవుతుంది.

పుట్టిన పిల్లను చూసే అదృష్టం కలిగితే గడియారం దగ్గర పెట్టుకోండి. గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. గుర్రపు పిల్లకు వ్యాధులను ఎదిరించే ప్రతిరక్షకాలు తల్లి కడుపులో అందవు, జున్నుపాల ద్వారానే రావాలి. పుట్టిన 24 గంటలు గడిచేసరికి పేగు వాటిని పీల్చుకోవడం మానేస్తుంది. మొదటి రోజు సిబ్బంది పడే హడావుడికి కారణం అదే.

అంటువ్యాధుల గది

రోజు మొత్తంలో దీన్ని చివరికి ఉంచుకోండి, అసలు వెళ్లకపోయినా నష్టం లేదు. దవడ కింద గ్రంథులు వాచి చీము పట్టే స్ట్రాంగిల్స్ లాంటి జబ్బు ఒక బకెట్టు, ఒక తాడు, ఒక విద్యార్థి చేతుల ద్వారా శాల అంతా పాకగలదు. ఆ జబ్బులో ముక్కు కారడానికి ముందే జ్వరం వస్తుంది. అందుకే అలాంటి గుర్రం దగ్గర ఉన్న మిగతా వాటికి రోజూ ఉష్ణోగ్రత చూస్తారు. వెళ్తే అక్కడి దుస్తులు అక్కడే విప్పండి, బూట్లు మందు నీళ్లలో ముంచండి, చేతులు కడుక్కోండి, ఆ తర్వాత ఆ రోజు ఇంకో గుర్రాన్ని ముట్టుకోకండి.

నోటుపుస్తకం

పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు కళ్లారా చూసింది, చెవులారా విన్నది. కుడివైపు మీరు అనుకున్నది. ‘10.40. ఎర్ర ఆడగుర్రం. గుండె 52. కుడి పైభాగంలో నిమిషం విన్నా చప్పుడు లేదు. రెండుసార్లు డొక్క వైపు చూసింది’ అన్నది ఎడమవైపు. ‘పెద్దపేగులో అడ్డమా?’ అన్నది కుడివైపు. రెండూ కలిపి రాస్తే, మరునాటికి ఏది చూశారో ఏది ఊహించారో మీకే తెలియదు. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు రాయవద్దు. అనుమతి లేకుండా ఫొటోలు తీయవద్దు.

డాక్టరు చెవుల్లో స్టెతస్కోపు ఉన్నప్పుడు ప్రశ్న అడగవద్దు. పని ముగిశాక ‘ఇది ఏ జబ్బు?’ అని కాకుండా ‘ఏం కనిపించి ఉంటే మీరు వేరే నిర్ణయం తీసుకునేవారు?’ అని అడగండి. మొదటిదానికి ఒక పేరు దొరుకుతుంది, రెండోదానికి ఆలోచించే దారి దొరుకుతుంది. గుర్రాలను రోజూ సాకే మనుషులను కూడా అడగండి. ‘ఈ రోజు ఇది ఎందుకో బాగా లేదు’ అని వాళ్లు అంటే, థర్మామీటరు ఇంకా ఏమీ చెప్పకపోయినా డాక్టర్లు ఆగి వింటారు. ఆ మాట అనడానికి వాళ్లు ఏం చూశారో విడమరచి చెప్పించుకోండి: మేత దగ్గరికి వచ్చిన తీరా, చెవులా, దాణా నమిలిన వేగమా అని.

ప్రతి కేసుకూ ఆసుపత్రి ఇచ్చిన నంబరు రాసుకుని, కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి ఏమైందో కనుక్కోండి. గుర్రం చనిపోయి ఉంటే, పోస్టుమార్టం జరిగిందేమో, దాని నివేదిక చూడవచ్చేమో అడగండి. అప్పుడు పుస్తకం తెరిచి కుడివైపు రాసిన ఊహల్లో తప్పినవాటి పక్కన గుర్తు పెట్టండి. ఎడమవైపు ఏ వివరం లేకపోవడం వల్ల ఆ ఊహ తప్పిందో వెతికి, తర్వాత వచ్చే గుర్రం దగ్గర ముందుగా దాన్ని చూడండి.